జిగురు పేజీల ఫొటో ఆల్బమ్: 32 ఏళ్లు వాడాక

ఈ రకం ఆల్బమ్ కొనాలా అని ఎవరైనా అడిగితే వద్దనే చెప్తాను. అమ్మ దీన్ని 1992లో కొంది. అప్పటిదాకా అట్టపెట్టెలో పడున్న పాత ఫొటోలన్నిటినీ రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఇందులోకి ఎక్కించింది. ఇప్పుడది నా దగ్గరుంది. మొత్తం 212 ఫొటోలు.

మందపాటి అట్ట పేజీలు, వాటి మీద చారలు చారలుగా జిగురు, పైన పల్చటి ప్లాస్టిక్ పొర. పొర లేపి ఫొటో పెట్టి, మళ్లీ అరచేత్తో నొక్కుతూ దింపితే పనైపోతుంది. వీటిని మాగ్నెటిక్ ఆల్బమ్‌లనేవాళ్లు. అయస్కాంతం మచ్చుకైనా ఉండదు, అంతా జిగురే. ఏ సైజు ఫొటో అయినా, వంకరగా అయినా పెట్టుకోవచ్చు. మొదటి ఏడెనిమిదేళ్లు నాకూ ఏ ఫిర్యాదూ లేదు.

తర్వాత చారలు పసుపుపచ్చగా తేలాయి, ఆనక గోధుమరంగుకి తిరిగాయి. కొన్నిచోట్ల జిగురు ఎండిపోయి ఫొటోలు జారిపడ్డాయి, కొన్నిచోట్ల సిమెంటులా పట్టేసింది. ఒకే పేజీలో రెండు రకాలూ! ప్లాస్టిక్ పొర అయితే కొన్ని ఫొటోల మొహానికే అంటుకుపోయింది.

కానీ ఫొటోలు ఎర్రబడిన పాపం కూడా ఆల్బమ్ నెత్తిన రుద్దితే అన్యాయం. కలర్ ప్రింట్లో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు అని మూడు రంగులుంటాయి. 1970ల నాటి చాలా ప్రింట్లలో చీకట్లో దాచినా సయాన్ ముందు వెలిసిపోతుంది, మిగిలేది ఎరుపు. అందుకే మా అత్తయ్యల ఫొటోలన్నీ సాయంత్రం ఎండలో తీసినట్టుంటాయి, నిజానికి తీసింది మిట్టమధ్యాహ్నం. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ వెండితో తయారవుతుంది కాబట్టి అవి ఇంకా గట్టిగానే ఉన్నాయి. అంచుల్లో మాత్రం నీలంగా, అద్దంలా మెరుస్తున్నాయి.

ఇక అసలు ఫొటోల సంగతి. నాన్నని ఇంట్లో అందరూ తలలు తీసే ఫొటోగ్రాఫర్ అనేవాళ్లు. ఆయన కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ ఒకచోట, లెన్సు ఇంకోచోట. దూరం నుంచి తీస్తే తేడా తెలీదు. దగ్గరికొస్తే కిటికీలో నిండుగా కనిపించిన మనిషికి ఫొటోలో నుదురుండదు. అందుకోసమని కిటికీలో చిన్న గీతలు గీసి ఇస్తారు, వాటి లోపలే తల ఉండేలా చూసుకోవాలి. నాన్న ఆ గీతలని జీవితంలో లెక్కచెయ్యలేదు.

అమ్మ కనిపించే ఫొటోలు ఈ ఆల్బమ్‌లో చాలా తక్కువ. నాన్న ఊళ్లో లేనప్పుడల్లా కెమెరా ఆవిడ చేతిలోనే ఉండేది. అయితే ఒక తొమ్మిది ఫొటోల్లో కుడి మూల మీద గులాబీరంగు మసక ముద్దొకటి ఉంటుంది. అది ఆవిడ వేలు. లెన్సుకి అడ్డొచ్చిన వేలు ఆ కిటికీలోంచి కనపడదు కదా. చిన్నప్పుడు వాటిని చూసి నవ్వేదాన్ని. ఇప్పుడు ఏ ఫొటో ఎవరు తీశారో తేల్చుకోవడానికి అదే గుర్తు.

తేదీల గొడవ వేరే. రెండో కెమెరా ఫొటో మీదే నారింజ అంకెలతో తేదీ వేసేది. బ్యాటరీ మార్చినప్పుడల్లా తేదీ మళ్లీ 1987 జనవరి 1కి వెళ్లిపోయేది, సరిచేసుకోవాలని ఎవరికీ తోచలేదు. దాంతో మూడేళ్ల ఫొటోల మీద తేదీలన్నీ తప్పే, ఏది ముందో ఏది వెనకో తెలీదు. చివరికి అక్క పళ్లని బట్టి వరస పెట్టాను. ముందు పళ్లు రెండూ లేవంటే ఏడో ఏడు, ఒకటి సగం మొలిచిందంటే ఆ తర్వాత. ఆ అంకెల కంటే అక్క పళ్లే నయం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సగం కాలిపోయిన ఫొటో. కెమెరాలో రీలు ఎక్కించేటప్పుడు మొదటి కొస వెలుగు తగిలి పాడవుతుంది. 36 ఫొటోల రీల్లో 37 లాగాలని నాన్న ఆ కొసలోనే ఒకటి నొక్కేసేవారు. ఇందులో ఎడమ సగం తెల్లగా ఏమీ లేదు, దాని పక్కన నిప్పు అంటుకున్నట్టు నారింజ గీత, కుడి సగంలో తాతయ్య. గుమ్మంలో వంగి, ఒక కాలెత్తి చెప్పులో రాయి దులుపుతున్నారు. మిగతా ఫొటోలన్నిట్లో ఆయన కర్ర మింగినట్టు నిలబడి ఉంటారు. ఇక్కడ మాత్రం ఇంకా ఫొటో మొదలవలేదనుకున్నారు.

2019లో వీటిని బయటికి తీద్దామని కూర్చున్నాను. మొదటిదాన్ని గోటితో లేపితే మూల చిరిగింది, బొమ్మ ఉన్న పొర అట్టకే ఉండిపోయింది. చిన్నపిల్ల చెయ్యి పోయింది. ఆ రోజుకి ఆపేశాను. తర్వాత తెలిసిన పద్ధతి ఏంటంటే, పళ్ల సందుల్లో వాడే మైనం పూయని ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ ఆడించాలి. చాలావరకు ఊడొచ్చాయి. మీరు చేస్తే మాత్రం ఊడదీసే ముందే పేజీతో సహా స్కాన్ చేసి పెట్టుకోండి. మొండికేసినవాటిని వదిలెయ్యండి. ప్లాస్టిక్‌కి అంటుకున్నవాటి జోలికి అసలు పోకండి.

స్కాన్‌కి 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. 4×6 అంగుళాల ప్రింటుకి 2400×3600 పిక్సెల్స్ వస్తాయి, అంతకు మించిన వివరం చాలా ప్రింట్లలో ఉండదు. నెగెటివ్ దొరికితే అదే ముందు స్కాన్ చెయ్యండి, ప్రింటులో కోసేసిన అంచు కూడా కాస్త కనిపిస్తుంది. నేను చేసిన తప్పు ఇంకొకటి ఉంది. పిన్ని ఫొటో ఒకటి బాగా షేక్ అయిందని, మొహాలు స్పష్టం చేసే యాప్‌లో వేశాను. కళ్లు, రెప్పలు, పెదాలు అన్నీ గీసినట్టు వచ్చాయి. బాబాయికి చూపిస్తే కాసేపు చూసి, "ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నారు. యాప్ తనకి తెలిసిన మొహమేదో తగిలించింది. మసకగా ఉన్నదాన్ని చూపించగానే, "ఆఁ, మీ పిన్ని. తల తిప్పుకోవడం చూడు" అన్నారు. యాప్ తీసేశాను.

ఇప్పుడు ఊడొచ్చినవన్నీ మూల తొడుగులున్న కాగితం ఆల్బమ్‌లో పెట్టాను. కొనేటప్పుడు ఫొటోలకి హాని చేసే పీవీసీ ప్లాస్టిక్ లేదని, ఫొటోలని పాడు చెయ్యదని తేల్చే ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్ (ఐఎస్ఓ 18916 ప్రమాణం) పాసైందని చూసుకున్నాను. పాతదానికి అయిదులో ఒక స్టారు.

ఆ ఒక స్టారు కూడా తీసేద్దామనిపించింది, ఫొటోల వెనక ఏం రాసుందో ఇన్నేళ్లు కనపడనివ్వనందుకు. ఇరవై దాకా ఫొటోల వెనక అమ్మ రాత ఉంది. ఎక్కువగా పేర్లే. నాన్న కదిలిపోయి మొహం చెరిగిపోయిన ఫొటో వెనక మాత్రం పెన్సిల్‌తో, "బాగా రాలేదు. ఇంకోటి తియ్యాలి" అని ఉంది. ఆ చొక్కాలో నాన్న ఇంకెక్కడైనా ఉన్నారేమోనని 212 ఫొటోలూ, ఉన్న నెగెటివ్‌లూ వెతికాను. లేరు.