క్యూ6600కి టేప్ మాడ్: ఏళ్ల వాడకం తర్వాత, బూట్ తిప్పలతో సహా

ముందే సూటిగా చెప్తా. ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600కి చిన్న టేపు ముక్క అతికించి 2.4 గిగాహెర్ట్జ్‌ని 3.0 చేయడం నిజంగానే పనిచేస్తుంది, హనుమకొండలో మా డీటీపీ సెంటర్‌లో ఏళ్లుగా అలాగే నడుస్తోంది. బూట్ సమస్యలు కూడా వచ్చాయి. కానీ టేపు పెట్టాక బూట్ కాలేదంటే అందరూ టేపునే అనుమానిస్తారు, మా అనుభవంలో తప్పు ఎక్కువసార్లు వేరేచోట దొరికింది.

2007 నాటి ప్రాసెసర్ ఇప్పుడెందుకు అంటారేమో. మా పెళ్లి కార్డుల పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో, ఎక్స్‌పీ మెషిన్‌లోనే ఉన్నాయి. పేజ్‌మేకర్‌కి నాలుగు కోర్లున్నా ఒకటే లెక్క, దానికి కావాల్సింది క్లాక్ వేగం. మా బోర్డు జీ41 చిప్‌సెట్‌ది, బయోస్‌లో (మెషిన్ సెట్టింగుల తెరలో) ఎఫ్ఎస్‌బీ, అంటే ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్య దారి వేగం, మార్చే ఆప్షనే లేదు. అందుకే టేపు. ఆ ఆప్షన్ ఉన్నవాళ్లు మాత్రం దయచేసి దీని జోలికి పోవద్దు, ఎందుకో కింద చెప్తా.

ప్రాసెసర్ అడుగున బీసెల్ అనే మూడు ప్యాడ్లుంటాయి, తనకు ఏ ఎఫ్ఎస్‌బీ కావాలో బోర్డుకి చెప్పేది అవే. 1066 (266కి నాలుగింతలు) అయితే మూడింటి వోల్టేజీ లో, 1333 (333కి నాలుగింతలు) అయితే బీసెల్ 2 ఒక్కటే హై. ఆ బీసెల్ 2 అంటే జీ30 ప్యాడ్, అంచు వరుసలో ఉంటుంది. దాన్ని కప్పేస్తే బోర్డు హై అనుకుని 266 బదులు 333 ఇస్తుంది, ప్రాసెసర్ దాన్ని తన గుణకం 9తో హెచ్చిస్తుంది కాబట్టి 3.0 అవుతుంది. ప్యాడ్‌కీ ప్యాడ్‌కీ మధ్య దూరం మిల్లీమీటరు కంటే కాస్తే ఎక్కువ. టేపు జరిగి పక్కనున్న హెచ్30ని కూడా మూసిందనుకోండి, బోర్డు అప్పుడు 400 అడిగారనుకుంటుంది, అంటే 3.6 గిగాహెర్ట్జ్, ఆ దెబ్బకి స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. సెల్లో టేపు వాడకండి, వేడికి జిగురు పాకుతుంది. మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే పసుపు రంగు హీట్ టేపు సన్నగా ఉంటుంది, ఎండాకాలాలు గడిచినా మాది కదల్లేదు.

ఇక అసలు చిక్కు. బయోస్‌లో ఓవర్‌క్లాక్ చేసి (వేగం పెంచి) బూట్ కాకపోతే సీమాస్, అంటే బయోస్ సెట్టింగుల మెమరీ, క్లియర్ చేస్తే పాత స్థితికి వచ్చేస్తుంది. టేపుకి ఆ దారి లేదు. బ్యాటరీ తీసినా, జంపర్ మార్చినా మళ్లీ 333తోనే మొదలవుతుంది. కూలర్ విప్పి, పేస్టు తుడిచి, ప్రాసెసర్ బయటికి తీయాల్సిందే. అలా తీసి పెట్టిన ప్రతిసారీ సాకెట్ పిన్ను వంగే ప్రమాదం ఉంది కాబట్టి, అది విప్పేముందు మిగతావన్నీ చూడటం మేలు.

మా షాపులో తమ్ముడు టేపు పెట్టిన రోజే "అన్నా, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, డిస్‌ప్లే వస్తలేదు, టేపు తీసేద్దాం" అన్నాడు. ఆగమని ర్యామ్ చూశాం. రెండు స్లాట్లలో రెండు రకాలు, ఒకదాని స్టిక్కర్ మీద పీసీ2-6400, రెండోదాని మీద పీసీ2-4200. అంటే ఒకటి 800ది, ఇంకొకటి 533ది. రెండూ కలిపితే బోర్డు తక్కువదాని వేగానికి దిగాలి, కానీ ఎఫ్ఎస్‌బీ 1333 అయినప్పుడు ఈ చిప్‌సెట్లలో డీడీఆర్2 ర్యామ్ వేగం 667 కంటే కిందికి దిగదు. 1066లో ఉన్నంతకాలం ఆ 533 ముక్క బాగానే నడిచింది, అందుకే దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు. దాన్ని పీకేయగానే డిస్‌ప్లే వచ్చింది. మీ దగ్గర కూడా ముందు ఒక్క 800 స్టిక్‌తోనే ప్రయత్నించండి. వచ్చాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడపండి, విండోస్ సంగతి తర్వాత.

విండోస్‌లోకి వెళ్లాక, ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్‌లో 2.0 గిగాహెర్ట్జ్ కనబడితే కంగారు వద్దు. పని లేనప్పుడు గుణకం 6కి దిగుతుంది, 6 సార్లు 333 అంతే. బస్ స్పీడ్ 333 చూపిస్తే టేపు పనిచేసినట్టే.

కొన్నాళ్లకి వేరే తిక్క మొదలైంది. పొద్దున మొదటిసారి బటన్ నొక్కితే ఫ్యాన్ కాసేపు తిరిగి ఆగిపోతుంది, రెండోసారి నొక్కితే మామూలుగా లేస్తుంది. టేపు అలాగే ఉంది, ర్యామ్ బాగుంది. పోయింది ఎస్ఎంపీఎస్, అంటే కరెంటు సప్లై డబ్బా. అది డబ్బా మీద పెద్ద వాట్లు రాసిన లోకల్ సరుకు. ప్రాసెసర్ దగ్గరి నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ వద్ద మల్టీమీటర్ పెడితే, ఫోటోషాప్ బరువైన పని చేస్తున్నప్పుడు 11.4 కంటే కిందికి జారుతోంది. పీసీ సప్లైల ప్రమాణమైన ఏటీఎక్స్ ప్రకారం 11.4 కింది హద్దు. వోల్టేజీ మార్చకున్నా వేగం నాలుగో వంతు పెరిగితే కరెంటు వాడకం, వేడి దాదాపు అంతే పెరుగుతాయి. 95 వాట్ల చిప్ 120 దగ్గరికి వెళ్తుంది, అరకొర సప్లై తట్టుకోలేదు. మంచిది వేశాక ఆ రోగం పోయింది.

వేడి విషయం మనవైపు వేరే. మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే, ఏసీ లేని షాపులో డబ్బాతో వచ్చిన కూలర్ సరిపోదు. దాని నాలుగు ప్లాస్టిక్ పుష్‌పిన్నుల్లో ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా మెషిన్ లేచి కాసేపటికే ఆగిపోతుంది, చూసేవాళ్లకి అదీ బూట్ సమస్యే అనిపిస్తుంది. మేం టవర్ కూలర్ వేశాం, ప్రాసెసర్ చల్లబడింది. అయితే పాత కూలర్ గాలి కిందికి కొట్టేది, పక్కనున్న మాస్‌ఫెట్లకి (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగాలకి) కూడా తగిలేది. ఆ గాలి లేక అవి విపరీతంగా వేడెక్కాయి, హీట్‌సింక్ కూడా లేని చవక బోర్డు మరి. వాటి మీదికి తిరిగేలా చిన్న ఫ్యాన్ ఒకటి వైర్‌తో కట్టాం. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, పని మాత్రం చేస్తోంది.

విండోస్ 7 వాడేవాళ్లకి 0x124 బ్లూ స్క్రీన్ వస్తే అది ఎక్కువగా వోల్టేజీ చాలకపోవడమే. టేపు వోల్టేజీని పెంచదు, బయోస్‌లో ఆ ఆప్షన్ లేకపోతే మీ చిప్ అదృష్టం. వోల్టేజీకి కూడా ప్యాడ్ మాడ్ ఉంది, నేనైతే ఈ బోర్డు మీద చేయను.

మా బావ వాళ్ల జనగామ షాపులో ఇదే చేద్దామన్నాడు. వాళ్లది కంపెనీ డబ్బా (బ్రాండెడ్ పీసీ), జీ31 బోర్డు. ఒక్క స్టిక్, వేరే ఎస్ఎంపీఎస్, టేపు మార్చడం, అన్నీ అయ్యాయి, ఉలుకూ పలుకూ లేదు. టేపు పీకి పాత వేగంలోనే వదిలేశాం.

ఇప్పుడు కొత్తగా ఈ చిప్ కొని చేయాలా అంటే, ఇంటర్నెట్ మెషిన్ కోసమైతే వద్దు. పాప్‌సీఎన్‌టీ ఇన్‌స్ట్రక్షన్ లేదు కాబట్టి విండోస్ 11 24హెచ్2 దీనిమీద బూట్ కాదు, విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మాలాగా నెట్ తీసేసి పాత సాఫ్ట్‌వేర్ మాత్రమే నడిపేవాళ్లు సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) వైపు వెళ్తే, చిప్ మూత మీద ఎస్ఎల్ఏసీఆర్ అని ఉన్నదే అడగండి, అది 95 వాట్ల జీ0 వెర్షన్. ఎస్ఎల్9యూఎం అంటే 105 వాట్ల పాత బీ3, ఎంత చవకగా ఇచ్చినా టేపు పనికి తీసుకోవద్దు.