70 ఎంఎం టెలిస్కోప్, బెంగళూరు టెర్రస్, ఒక మరుగుజ్జు గ్రహం: నాలుగు నెలల తర్వాత రివ్యూ

2025 ఆగస్టులో కొన్నా, ఇప్పుడు డిసెంబర్ చివర్లో రాస్తున్నా. మేం ఉండేది మహదేవపుర వైపు, మా పాప ఆరో క్లాసు, "నాన్నా ప్లూటో చూడాలి" అని ఏడాదిగా అడుగుతుంటే జయనగర్‌లో ఒక షాపుకి వెళ్ళి ఎనిమిదిన్నర వేలు పెట్టి తెచ్చా. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే గొట్టానికి వేరే వేరే పేర్లు అంటించి అమ్ముతున్నారు. ముందు లెన్స్ 70 ఎంఎం, ఫోకల్ లెంత్ (లెన్స్ నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700 ఎంఎం, 25 ఎంఎం, 10 ఎంఎం, 4 ఎంఎం అని మూడు ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్‌లు), ఒక 3ఎక్స్ బార్లో (బొమ్మని ఇంకో మూడు రెట్లు పెంచే లెన్స్), అల్యూమినియం ట్రైపాడ్, ఇంతే.

ముందు కోపం వచ్చిన విషయం చెప్పేస్తా. డబ్బా మీద 525 రెట్లు పెద్దగా కనిపిస్తుందని రాశారు. 700ని 4తో భాగించి మూడుతో హెచ్చిస్తే 525 వస్తుంది, లెక్క కరెక్టే, కానీ 70 ఎంఎం లెన్స్ తెచ్చే వెలుగుకి 140 రెట్లు దాటితే ఏదీ తేలదు, అంతా మసక ముద్దే. ఆ 4 ఎంఎం ఐపీస్, బార్లో రెండూ మా ఇంట్లో డబ్బాలోనే పడున్నాయి. ఇంక షాపాయన "ప్లూటో దాకా వస్తుంది సార్" అని మా పాప ముందే అన్నాడు. రాదండీ. కంటికి కనిపించే అతి మసక చుక్క కంటే ప్లూటో వెయ్యి రెట్లకి పైగా మసక, దానికి పది పన్నెండు అంగుళాల అద్దం కావాలి, ఊరి లైట్లకి దూరంగా పోవాలి. పిల్లకి అలాంటి మాట చెప్పి అమ్మడం నాకు అస్సలు నచ్చలేదు. ఒక స్టార్ అక్కడే తీసేశా.

ట్రైపాడ్ కూడా వీకే, ఫోకస్ తిప్పితే చాలు బొమ్మ ఊగిపోతుంది. కాళ్ళు సగం వరకే లాగి, మధ్యలో కూరగాయల సంచి కట్టి అందులో రెండు లీటర్ల నీళ్ళ బాటిళ్ళు రెండు పెట్టాం, అప్పట్నుంచి నిలబడింది. ఫైండర్‌ని (గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే చిన్న దుర్భిణి) రాత్రి సెట్ చేయాలంటే చుక్కలు కనపడతాయి, పట్టుకోలేం, పగలే దూరంగా కట్టే బిల్డింగ్ మీద క్రేన్ కొసకి పెట్టి స్క్రూలు బిగించుకోండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, కన్ను పోతుంది.

మొదటి పెద్ద రాత్రి సెప్టెంబర్ 7, సంపూర్ణ చంద్రగ్రహణం. మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి, అసోసియేషన్ వాళ్ళని అడిగి టెర్రస్ తాళం తీసుకున్నాం. మా అమ్మ పట్టుస్నానం చేసి మెట్ల దగ్గర కూర్చుంది, 25 ఎంఎం పెట్టి రాగి చెంబు రంగులో ఉన్న చంద్రుణ్ణి చూపిస్తే చాలాసేపు కన్ను తీయలేదు, తర్వాత "ఒరే, నవగ్రహాల్లో శనీ గురుడూ ఉన్నారు సరే, రాహువూ కేతువూ దీన్లో ఎక్కడ కనబడతారా" అనడిగింది. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి కోసుకునే రెండు చోట్లమ్మా అవి, వస్తువులు కావు, పౌర్ణమి రోజు చంద్రుడు ఆ చోటు దగ్గరికొస్తేనే ఇదిగో ఇలా గ్రహణం అని చెప్పా. "అయితే వాళ్ళు పట్టుకున్నట్టే కదా" అంది. అవునమ్మా అన్నా, ఆ మాటలో తప్పేం లేదు మరి.

శని దగ్గర పాప డీలా పడిపోయింది. డబ్బా మీద వెడల్పాటి ఉంగరం, మాకు కనిపించింది నిమ్మకాయకి సూది గుచ్చినట్టు ఒక సన్న గీత. టెలిస్కోప్ తప్పు కాదది. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి 29 ఏళ్ళ పైన పడుతుంది, అందులో సుమారు పదిహేనేళ్ళకోసారి ఆ వలయాల అంచు మన వైపు తిరుగుతుంది, 2025 అలాంటి ఏడాది. ఈ కొస నుంచి ఆ కొసకి రెండు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లకి పైగా ఉన్న వలయం మందం చాలా చోట్ల పదుల మీటర్లే, మా అపార్ట్‌మెంట్ ఎత్తంత. అంచు నుంచి చూస్తే ఇంకేం కనబడుతుంది. వచ్చే ఏళ్ళలో మెల్లగా విచ్చుకుంటుంది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్ళు నిరాశపడొద్దు.

గురుడు మాత్రం డబ్బులు మొత్తం వసూలు చేసిచ్చాడు. డిసెంబర్‌లో రాత్రి తొమ్మిది దాటితే తూర్పున మిథునంలో పైకొస్తున్నాడు, 10 ఎంఎం పెడితే 70 రెట్లు, ఒంటి మీద రెండు పట్టీలు, పక్కన ఒకే వరసలో నాలుగు చుక్కలు, అవి గురుడి చందమామలు. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఈ నాలుగే. వాటిలో అయో అనేది రెండు రోజులు కూడా పట్టకుండా ఒక చుట్టు తిరిగేస్తుంది, అన్నం తినడానికి కిందకెళ్ళి వచ్చేసరికి జరిగినట్టు తెలిసిపోతుంది. పిల్లలకోడికి (కృత్తికా నక్షత్రాల గుంపు) కాస్త కిందగా యురేనస్ కూడా దొరికింది, నీలం ఆకుపచ్చ కలిసిన చిన్న చుక్క, అంతే. అంగారకుడు ఈ సీజన్‌లో సూర్యుడి వెనక్కి పోయాడు, 2027 ఫిబ్రవరికి బాగుంటాడు.

ఇంక అసలు సంగతి. ప్లూటో రాదు అని తెలిసిన రోజు పాప అన్నం కూడా సరిగ్గా తినలేదు. అప్పుడు వెతుకుతుంటే తట్టింది, మరుగుజ్జు గ్రహాలు (గుండ్రంగా ఉన్నా పూర్తి గ్రహం లెక్కలోకి రానివి) ఐదు కదా, ప్లూటో, ఎరిస్, హౌమియా, మకెమకె నాలుగూ నెప్ట్యూన్ అవతల, ఐదోది సెరెస్ మాత్రం అంగారకుడికీ గురుడికీ మధ్యలోనే ఉంది. అదీ సరిగ్గా దసరా రోజే, అక్టోబర్ 2న, సూర్యుడికి ఎదురు దిక్కుకి వచ్చి రాత్రంతా ఆకాశంలో ఉంది. వానలు తెరిపిచ్చిన ఒక రాత్రి స్టెల్లేరియం అనే ఆకాశం మ్యాప్ యాప్ చూసుకుంటూ సీటస్ నక్షత్రమండలం వైపు తిప్పాం. గంటన్నర పట్టింది, ఎందుకంటే ఐపీస్ పెట్టే మూల అద్దం వల్ల కుడి ఎడమలు తారుమారవుతాయి, ఫోన్‌లో మ్యాప్‌తో కలవదు, పైగా అవతల రోడ్డు మీద తెల్లటి ఎల్ఈడీ లైటు. చివరికి మ్యాప్‌ని స్క్రీన్‌షాట్ తీసి అద్దంలోలా తిప్పుకున్నా, అప్పుడు కుదిరింది. ఏడు చుక్కలున్నాయి, అందులో ఏది సెరెస్సో చూసి చెప్పడం అసాధ్యం, అన్నీ ఒకేలా ఉన్నాయి. పాప లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో కంచం పెట్టి గుండ్రం గీసి ఏడూ పెన్సిల్‌తో దించుకుంది.

మూడు రాత్రుల తర్వాత మళ్ళీ అక్కడే పెట్టాం. ఫ్లాష్‌లైట్‌కి ఎర్ర గాలిపటం కాగితం చుట్టి పేజీ మీద పెట్టుకుని ఒక్కో చుక్కనీ కలుపుకుంటూ వచ్చింది. ఆరు ఉన్నచోటే ఉన్నాయి. ఏడోది చంద్రబింబం వెడల్పంత పక్కకి జరిగి ఉంది. "నాన్నా ఇది నడిచింది" అంది, నాకు ఒళ్ళు జలదరించింది.

1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో పియాజీ అనే ఖగోళ శాస్త్రవేత్త సెరెస్‌ని కనిపెట్టింది ఇలాగే, మర్నాటికి జరిగిన చుక్క చూసి. 1930లో టాంబో అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త ప్లూటోని పట్టుకున్నదీ ఇదే పద్ధతి, కాకపోతే ఫోటో ప్లేట్లు రెండు మార్చి మార్చి చూస్తూ. సెరెస్‌ని మొదట గ్రహం అన్నారు, చుట్టూ అలాంటివి బోలెడు దొరికేసరికి గ్రహశకలం అన్నారు, 2006లో మరుగుజ్జు గ్రహం అన్నారు, సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, సొంత బరువుకి గుండ్రంగా ఉంది, కానీ తన దారిని మిగతా రాళ్ళ నుంచి ఖాళీ చేసుకోలేదు. ప్లూటోది కూడా అదే సమస్య. సెరెస్ అడ్డంగా చూస్తే 940 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి ముంబై రోడ్డంత. అంత చిన్నది దాదాపు 30 కోట్ల కిలోమీటర్ల అవతల ఉంటే, పక్కన ఐటీ పార్కు లైట్లు వెలుగుతుండగా, ఎనిమిదిన్నర వేల గొట్టంలో దొరికింది.

నా వైపు నుంచి నాలుగు స్టార్లు. ప్లూటో కోసం, డబ్బా మీద రంగురంగుల ఫోటోల కోసం అయితే కొనొద్దు. కొనేటప్పుడు 25 ఎంఎం ఐపీస్ ఉందో లేదో చూడండి, అది లేకపోతే దేన్నీ వెతకలేరు, డబ్బులిచ్చే ముందే ట్రైపాడ్ నట్లు షాపులోనే బిగించి చూసుకోండి, మాకు ఒకటి తక్కువొచ్చి మళ్ళీ జయనగర్ దాకా పోవాల్సొచ్చింది. సెరెస్ మళ్ళీ ఇలా ఎదురుగా రావడానికి సుమారు పదిహేను నెలలు, అంటే 2027 మొదట్లో. పాప ఆ లెక్కల నోట్‌బుక్‌లో చివరి పేజీ పక్క పేజీ ఖాళీగా వదిలిపెట్టింది.