అమెరికా నర్సింగ్ హోమ్‌లో అమ్మ: రెండేళ్ల తర్వాత నా రివ్యూ

తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక అమ్మని ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే తెచ్చాం. న్యూజెర్సీలో ఒక చర్చి వాళ్లు పెట్టిన, లాభాపేక్ష లేని నర్సింగ్ హోమ్. మన ఊళ్లలోని చిన్న ఆసుపత్రి లాంటిది కాదు, పెద్దవాళ్లు అక్కడే ఉండి నర్సుల సేవ పొందే చోటు. పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి. రీహాబ్‌కని, అంటే కోలుకునే దాకా థెరపీకని వచ్చిన మనిషి, తర్వాత స్ట్రోక్ రావడంతో అక్కడే ఉండిపోయింది.

మనవాళ్లు ముందు అడిగేది, "నాన్‌ప్రాఫిట్ కదా, తక్కువే తీసుకుంటారేమో?" అని. అదేం లేదండీ. మిగిలిన డబ్బు యజమానుల జేబులోకి పోదు, అంతవరకే. నాన్న ఇక్కడ పదేళ్లకు పైగా ఉద్యోగం చేయడం వల్ల అమ్మకి మెడికేర్, అంటే పెద్దవయసువాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా ఉంది. ఆసుపత్రిలో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే మామూలుగా అది ఇక్కడి ఖర్చు ఇస్తుంది. అడ్మిట్ చేయకుండా, కనిపెట్టి చూస్తున్నాం (అబ్జర్వేషన్) అని రాసిన రోజులు లెక్కకి రావు, పడుకున్నది అదే మంచం అయినా సరే! మొదటి 20 రోజులు మనం కట్టేది ఉండదు. 21 నుంచి 100వ రోజు దాకా మన వాటా 2025లో రోజుకి 209.50 డాలర్లు. ఆ తర్వాత మెడికేర్ పైసా ఇవ్వదు.

ఆ 100 రోజులైనా పూర్తిగా ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఇక మెరుగుపడటం లేదు, ఆపేస్తున్నాం అని మాకు శుక్రవారం సాయంత్రం కాగితం ఇచ్చారు. ఆ వీకెండ్ అంతా టెన్షనే. ఉన్న శక్తి తగ్గిపోకుండా చూడటానికి థెరపిస్టు అవసరమైనా మెడికేర్ ఇవ్వాలని కోర్టు కేసులో 2013లో కుదిరిన జిమ్మో ఒప్పందం స్పష్టం చేసింది. కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పి అప్పీల్ చేశాం, మరికొన్ని వారాలు వచ్చాయి. తర్వాత దాచుకున్నది కరిగిపోయి అమ్మ మెడికెయిడ్‌కి, అంటే డబ్బు లేనివాళ్లకి ఉండే ప్రభుత్వ బీమాకి మారింది. అప్పుడు గది మార్చలేదు, మాట తీరూ మారలేదు. వీళ్లకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే.

అమ్మని నిజంగా చూసుకునేది డాక్టర్లు కాదు, సీఎన్‌ఏలు, అంటే స్నానం, తిండి లాంటివి దగ్గరుండి చూసే నర్సింగ్ సహాయకులు. పగటి షిఫ్టులో ఉండే హెయిటీ అమ్మాయి "నొప్పి", "నీళ్లు", "చాలు" నేర్చేసుకుంది. మంచం పక్కన గోడకి ఇలాంటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అంటించాం, మీరూ ఆ పని చేయండి. స్నానానికి ఆడవాళ్లే కావాలని అమ్మ పట్టు. మూడు నెలలకోసారి జరిగే కేర్ ప్లాన్ మీటింగ్‌లో అది రాయించాం, పాటిస్తున్నారు. నోటిమాటగా చెప్పినవి మాత్రం షిఫ్టు మారేసరికి గాల్లో కలిసిపోతాయి.

తిండి దగ్గర ఏడుపే. వాళ్ల దృష్టిలో శాకాహారమంటే ఉడికించిన క్యారెట్, గ్రిల్డ్ చీజ్. స్ట్రోక్ తర్వాత మింగడం కష్టమై ప్యూరీ డైట్ (అన్నీ మెత్తగా రుబ్బినవే) పెట్టాక అదీ లేదు. స్పీచ్ థెరపిస్టుని అడిగి పప్పన్నం పలుకు లేకుండా మిక్సీలో వేసి తీసుకెళ్తున్నాను, పైన కాస్త ఆవకాయ ఊట. గొంతుకి అడ్డం పడకుండా చిక్కగా చేసి ఇచ్చే నీళ్లంటే అమ్మకి ఇప్పటికీ అసహ్యమే. మనిషిని ఎత్తే లిఫ్ట్ మెషీన్‌తో మంచం మీంచి లేపాలి కాబట్టి చీరలు మానేసింది. ఎన్ని లేబుళ్లు కుట్టినా లాండ్రీ నుంచి ఎవరివో స్వెట్టర్లు వస్తుంటాయి. గదిలో దీపం వెలిగించనివ్వరు. దీపావళికి యాక్టివిటీస్ వాళ్లే బ్యాటరీ ప్రమిదలు తెచ్చి వరండా అంతా పెట్టారు, అది మాత్రం మేం అడగలేదు.

పెద్ద లోపం వీకెండ్. బెల్ నొక్కితే అరగంటకి కూడా ఎవరూ రాని ఆదివారాలున్నాయి. ఆఫీసులో చెప్పి విసిగి, గోడ మీద అంటించి ఉండే అంబుడ్స్‌మన్ (ఇక్కడుండేవాళ్ల ఫిర్యాదులు చూసే బయటి వ్యక్తి) నంబరుకి ఫోన్ చేశాం. ఆవిడ వచ్చి మాట్లాడాక కొంత నయం, పూర్తిగా కాదు. నర్సింగ్ హోమ్‌లను పోల్చి చూపే మెడికేర్ వారి కేర్ కంపేర్ సైట్‌లో మొత్తం స్టార్లతో పాటు వీకెండ్ స్టాఫ్, ఏడాదిలో ఎంతమంది మానేశారు అన్నవి విడిగా ఉంటాయి. వాటిని చూడండి. టూర్‌కి పిలిచే మంగళవారం పదింటికి ఎక్కడైనా బాగానే ఉంటుంది. ఆదివారం సాయంత్రం కూడా ఒకసారి వెళ్లి కాసేపు వరండాలో కూర్చోండి.