కరెంటు పోతే ఫ్రిజ్‌కి ఏది మేలు? ఇన్వర్టరా, జనరేటరా, తలుపు మూసి ఊరుకోవడమా?

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఒక పెద్ద గాలివాన వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే: "ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఫ్రిజ్ కూడా దానికే తగిలించవచ్చా? వేరే ఏమైనా కొనాలా?" తీగల మీద కొమ్మలు విరిగిపడి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన ఇళ్లకు ఇది చిన్న సంగతి కాదు. పొద్దున రుబ్బిన దోసెల పిండి సాయంత్రానికి పొంగి పులిసిపోతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన మటన్ ఏమవుతుందోనని టెన్షన్ వేరే.

గంటా రెండు గంటల కోతకైతే ఏమీ కొననక్కర్లేదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుంది. ఇవి అమెరికా ప్రభుత్వం ఆహార భద్రత కోసం చెప్పే లెక్కలు. మే నెలలో ఉడికిపోయే మన వంటగదుల్లో కొంచెం తగ్గించుకుని చూసుకోవాలి. ఫ్రీజర్‌లో ఖాళీ ఉన్నచోట మూడొంతులు నీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాలు గడ్డకట్టించి ఉంచండి. కరెంటు పోగానే రెండు సీసాలు తీసి కింద పాలు, పెరుగు పక్కన పెడితే చాలా ఊరట.

అంతకు మించి కోతలుంటే అప్పుడు ఇన్వర్టర్ మాట. దుకాణంలో అడిగితే బ్యాటరీ 150 ఏహెచ్చా, 200 ఏహెచ్చా (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) అని మొదలుపెడతారు. నేను మాత్రం ముందు మీ ఫ్రిజ్ కంప్రెసర్, అంటే చల్లదనం కోసం నడిచే మోటారు, ఏ రకమో అడుగుతాను. నా దృష్టిలో తేల్చేది అదే.

పాత రకం కంప్రెసర్ నడుస్తున్నప్పుడు తీసుకునేది నూరు, నూటయాభై వాట్లే. కానీ స్టార్ట్ అయ్యే ఆ క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. అప్పటికే మూడు ఫ్యాన్లు, టీవీ మోస్తున్న 900 వీఏ (ఒకేసారి ఎంత లోడు మోయగలదో చెప్పే అంకె) ఇన్వర్టర్ ఆ ఒక్క దెబ్బకు ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోవచ్చు. కొత్త ఇన్వర్టర్ కంప్రెసర్ ఫ్రిజ్‌లకు (ఇది ఫ్రిజ్ లోపలి ఏర్పాటు, ఇంటి ఇన్వర్టర్ వేరు) ఈ బాధ లేదు. మోటారు నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి ఆ కుదుపే ఉండదు.

మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. రాత్రిపూట ఫ్రిజ్ దగ్గర నిలబడి వినండి. కంప్రెసర్ "టక్" మని అందుకున్నప్పుడు వంటింటి లైటు ఒక్కసారి మసకబారి తేరుకుంటే, మీది గట్టిగా లాగే రకం. మీ ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (కరెంటును నున్నటి అలలా కాక మెట్లు మెట్లుగా ఇచ్చేది) అయితే మాత్రం ఏ ఫ్రిజ్‌నీ దానికి పెట్టకండి, మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది. లైన్ కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే సైన్ వేవ్‌ది ఉండాల్సిందే.

ఇక బ్యాటరీ లెక్క. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోగా, పూర్తిగా ఖాళీ చేయకుండా వాడుకోగలిగేది వెయ్యికి కాస్త పైన. మూడు పాత ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపి 265 వాట్లు అనుకుంటే నాలుగు గంటలు వస్తుంది. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తుంది కాబట్టి సగటున 60, 70 వాట్లే కలుస్తాయి. అంటే తగ్గేది గంట లోపే. ఆ మూడు ఫ్యాన్లను తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లకు మార్చారా, ఒక్కోటి 75 నుంచి 30 వాట్ల దాకా దిగి, ఫ్రిజ్ తినేదానికంటే ఎక్కువే మిగులుతుంది!

అందుకే పాత ఫ్రిజ్ కోసమని పెద్ద బ్యాటరీ కొంటామనేవాళ్లను నేను ఆపుతాను. పెద్ద బ్యాటరీతో గంటలు పెరుగుతాయి గానీ కంప్రెసర్‌ను లేపే బలం పెరగదు. ఆ బలం ఇన్వర్టర్ వీఏలో ఉంటుంది. ఫ్రిజ్‌కి పదేళ్లు దాటి ఉంటే ఆ డబ్బు ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్ మీద పెట్టండి. కరెంటు ఉన్న రోజుల్లో కూడా బిల్లులో తేడా కనిపిస్తుంది. ఫ్రిజ్ కొత్తదే, కంప్రెసర్ మాత్రం పాత రకం అంటారా, అప్పుడు ఎక్కువ వీఏ ఇన్వర్టర్‌కు వెళ్లక తప్పదు.

జనరేటర్ విషయానికొస్తే, శివార్లలో సొంతిల్లు ఉండి రోజంతా కరెంటు రాని పరిస్థితి ఉంటే తప్ప నేను చెప్పను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికే చిన్న పెట్రోల్ సెట్టు, 2 కేవీఏది (అంటే 2000 వీఏ), ఇంటి ఫ్రిజ్‌ని సులువుగా లేపుతుంది, నిజమే. కానీ దాన్ని బాల్కనీలోనో మెట్ల కిందనో పెట్టకండి. దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఆరుబయట, కిటికీలకు దూరంగానే నడపాలి.

అపార్ట్‌మెంట్ జనరేటర్ చాలాచోట్ల లైట్లు, ఫ్యాన్ల వరకే. ఫ్లాటుకి ఎన్ని వాట్లు ఇచ్చారో అసోసియేషన్‌ను అడగండి. పోర్టబుల్ పవర్ స్టేషన్లు (బ్యాటరీ, ఇన్వర్టర్ కలిసి ఉన్న పెట్టెలు) బాగుంటాయి గానీ ఆ ధరకు మంచి ఇన్వర్టర్ సెట్టే వస్తుంది. మేడ మీద సోలార్ ఉంది కదా అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైన్‌కు కలిపిన ఆన్-గ్రిడ్ సోలార్, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు.

ఇంట్లో ఇన్సులిన్ ఉంటే మాత్రం ఈ తర్జనభర్జనలేవీ వద్దు. విప్పని వయల్స్ (మందు సీసాలు) 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి, చిన్న కోతలే అయినా ఫ్రిజ్‌ని సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు కలిపించండి. ఎలక్ట్రీషియన్‌తో ఫ్రిజ్ పాయింట్‌కు విడిగా ఇన్వర్టర్ లైన్ లాగించండి. పక్కనున్న మిక్సీ, ఓవెన్ ప్లగ్గులు ఆ లైన్‌లోకి రాకుండా దగ్గరుండి చూసుకోండి.