సింగాడా ఆర్డర్ పెడితే తుంగ వచ్చింది, అయినా మూడు స్టార్లు

మా మిద్దెతోటలో కలువ టబ్బు పక్కన ఇంకో టబ్బు ఖాళీగా ఉందని ఆన్‌లైన్ నర్సరీలో 'వాటర్ చెస్ట్‌నట్, తినే రకం' చూసి 350 పెట్టి ఆర్డర్ చేశా, ఫొటోలో ఏమో నల్లగా రెండు కొమ్ములున్న సింగాడా కాయ, అదేనండీ చలికాలంలో బండి మీద ఉడకబెట్టి అమ్ముతారే అది. తీరా పార్సిల్ విప్పితే తడి కొబ్బరిపీచులో నాలుగు గోధుమరంగు గడ్డలు, అందులో ఒకటి మెత్తబడి కంపు.

ఇది చైనీస్ వాటర్ చెస్ట్‌నట్. ఇంగ్లీషులో రెండిటికీ అదే పేరు గానీ అసలు చుట్టరికమే లేదు, సింగాడా నీళ్ళ మీద తేలుతూ ఆకుల కింద కాయ కాస్తుంది, దీనికేమో బురదలో గడ్డ ఊరుతుంది. మెసేజ్ పెడితే 'రెండూ సేమే మేడమ్' అన్నారు, కుళ్ళిన గడ్డ ఊసే ఎత్తలేదు.

సరే పోనీ అని జూన్‌లో చెరువుమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పాతేశా, మొలకలు జానెడయ్యేదాకా మట్టి తడిగా ఉంచి తర్వాత నాలుగంగుళాల నీళ్ళు నిలబెట్టా, దోమలు రాకుండా గప్పీ చేపలు వదిలా. ఆగస్టుకి నడుమెత్తు పెరిగింది, ఆకన్నదే లేదు, అన్నీ ఉల్లికాడల్లాంటి గొట్టాలు, వేళ్ళతో నొక్కితే లోపల అరలు పగిలి టప్ టప్‌మంటాయి, మా బుడ్డోడు సగం అలా నొక్కే పాడుచేశాడు. మా అత్తయ్య ఊరినుంచొచ్చి చూసి 'ఇదేంటే, మేం కూలిచ్చి పీకించే తుంగని నువ్వు డబ్బులిచ్చి కొన్నావా' అంది. నిజమే, ఇదీ తుంగ జాతే!

డిసెంబర్లో కాడలు ఎండాక నీళ్ళు తోడేసి మోచేతిదాకా బురదలో పెట్టి వెతికితే ముప్పావు కిలో దొరికాయి, ఎక్కువ గోలీలంతే, రూపాయి బిళ్ళంతవి ఓ డజను. తొక్క తీస్తే తెల్లగా, లేత కొబ్బరికి కాస్త తీపి కలిపినట్టు, ఫ్రైడ్ రైస్‌లో వేసి వేయించినా కరకర పోలేదు. పచ్చివి మాత్రం పళ్ళతో ఒలిచి తినకండి, నీటి పంట కదా, తొక్కకి పేగుపురుగుల లార్వాలు అంటుకునుండే ఛాన్స్ ఉంది, బాగా కడిగి చాకుతో చెక్కి ఉడకబెట్టుకోండి.

మొక్కకి నాలుగున్నర, అమ్మినవాళ్ళకి ఒకటిన్నర, సగటున మూడు. పెద్ద గడ్డలు ఆరు మళ్ళీ జూన్‌కని తడి మట్టిలో దాచా. సింగాడా కోరిక మాత్రం అలాగే ఉంది, ఎండిన కాయ మొలవదు కాబట్టి తడిగా ఉంచిన విత్తనం కాయ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, బదులుగా ఈ గడ్డలు రెండిస్తా.