'వందేళ్ల వరద' అనాలా, 'ఈ రోడ్డు మూసేస్తాం' అనాలా?

వాతావరణ మార్పు వల్ల వంతెనలకు, రైలు పట్టాలకు, సబ్‌స్టేషన్లకు పొంచి ఉన్న ముప్పును జనానికి చెప్పడానికి మామూలుగా వాడేవి మూడు: 'వందేళ్ల వరద' లాంటి మాట, శాతం, మ్యాపు. ఇవేవీ కాకుండా జరగబోయే ఇబ్బందినే నేరుగా చెప్పేయడం నాలుగోది. నా ఓటు దీనికే, అయితే ఒక షరతు ఉంది.

'వందేళ్ల వరద' అనగానే చాలామంది "పోయినేడే వచ్చిందిగా, ఇక మన మనవళ్ల కాలానికే" అనుకుంటారు. అసలు లెక్క వేరు. ఏ ఏడాదైనా అంత వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని దానర్థం. నిరుడు వచ్చింది కదా అని ఈ ఏడు రాకుండా ఆగదు. హ్యూస్టన్ నగరం 2015, 2016, 2017లో వరసగా మూడేళ్లూ పెద్ద వరదల్లో మునిగింది. పైగా ఆ 1 శాతం తేల్చింది పాత వానల రికార్డులతో. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే తేమ దాదాపు 7 శాతం పెరుగుతుంది కాబట్టి పాత లెక్క ఇప్పటికి తక్కువే కావచ్చు. 'వందేళ్ల వరద' అన్న మాట ఇంజినీర్ల డిజైన్ ఫైళ్లలో ఉంటే చాలు.

శాతం కొంత నయం. కాకపోతే ఏడాదికి 1 శాతం అంటే ఎవరికీ టెన్షన్ పుట్టదు. అదే ముప్పు 30 ఏళ్ల ఇంటి లోన్ కాలానికి 26 శాతం అవుతుంది. 70 ఏళ్లు నిలవాల్సిన వంతెనకైతే సగానికి సగం! ఏ కాలానికో చెప్పకుండా శాతం చెప్పడం దండగ.

మ్యాపు చూడ్డానికి బాగుంటుంది. ముంపు ప్రాంతమని గీసిన గీత లోపలివాళ్లు స్థలం రేటు పడిపోతుందని గొడవపడతారు, బయటివాళ్లు హాయిగా నిద్రపోతారు. అసలు లోపం ఇంకోటి. మీ ఇల్లు మెరకలోనే ఉండొచ్చు, మీకు కరెంటిచ్చే సబ్‌స్టేషన్ పల్లంలో ఉంటే? నీళ్ల మోటారు ఆగుతుంది, లిఫ్టు ఆగుతుంది, బ్యాటరీ అయిపోయాక సెల్ టవరూ మూగబోతుంది. వరద మీ గడప తొక్కనే లేదు, కానీ మీరూ బాధితులే. ఇల్లు మునుగుతుందా లేదా అని మాత్రమే చూపే మ్యాపులో ఇది కనిపించదు.

అందుకే నాలుగోది, జరగబోయే ఇబ్బందిని నేరుగా చెప్పడం. 2022 జులై 19న బ్రిటన్‌లో 40.3 డిగ్రీలు నమోదైంది. అక్కడ పట్టాలను సాధారణంగా 27 డిగ్రీలకు సరిపోయేలా బిగిస్తారు. ఎండలో పట్టా గాలికంటే 20 డిగ్రీల వరకు ఎక్కువ వేడెక్కుతుంది, సాగడానికి చోటు లేక పక్కకు వంగుతుంది. రైళ్ల వేగం తగ్గించారు, కొన్ని మార్గాలు మూసేశారు, తప్పనిసరైతే తప్ప బయల్దేరొద్దన్నారు. ఇది అర్థం కావడానికి ఎవరికీ వాతావరణ శాస్త్రం రానక్కర్లేదు.

ఇక షరతు. రేపటి ఎండకూ వానకూ ఈ పద్ధతి సరిపోతుంది కానీ, పన్నుల డబ్బుతో కాలువ వెడల్పు చేయాలా వద్దా అన్న చర్చకు చాలదు. అక్కడ శాతం కావాలి, పక్కనే ఖర్చూ ఉండాలి. అంచనా కచ్చితం కాకపోతే ఇంత నుంచి ఇంత అని చెప్పాలి. భయపెట్టి వదిలేస్తే మాత్రం జనం రెండోసారి వినరు.

రెండూ కలిపి రాయడం కష్టమేం కాదు. అండర్‌పాస్ దగ్గర బోర్డు ఇలా ఉండొచ్చు: "నీళ్లు ఈ ఎర్రగీత దాటితే గేటు వేస్తాం. అంబులెన్సులు పై వంతెన మీదుగా వెళ్తాయి. ఇప్పుడున్న పంపులతో రాబోయే 30 ఏళ్లలో ఒక్కసారైనా ఇలా జరగడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. పంపులు మార్చడానికయ్యే ఖర్చు ఇదీ, మీ అభిప్రాయం ఫలానా తేదీలోగా చెప్పండి."