జాగ్రత్త: కొండలు చూపించి అమ్మే రచనా శిబిరాలు

అడవి అంచున కాటేజీ, కిటికీ అవతల పొగమంచు, బల్ల మీద తెరిచి పెట్టిన నోటుపుస్తకం. ఏకాంత ప్రదేశాల్లో జరిగే రచనా శిబిరాల ప్రకటనలన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. రాసుకోవడానికి మీకు ఎన్ని గంటలు మిగులుతాయో మాత్రం ఏ ఫొటోలోనూ కనిపించదు. మీరు డబ్బు కట్టేది ఆ గంటలకే కాబట్టి అడ్వాన్స్ పంపకముందే లెక్క వేసుకోండి.

ఐదు రోజుల శిబిరం అంటారు. మొదటి రోజు ప్రయాణానికీ పరిచయాలకీ పోతుంది. చివరి రోజు పొద్దున్నే గదులు ఖాళీ చేయాలి. చేతికి వచ్చేవి మూడు రోజులు. వాటిలో ఒక పూట ట్రెక్కింగ్, పొద్దున యోగా, రాత్రి చలిమంట. గంటలవారీ టైంటేబుల్ పంపమని అడగండి. ఏ కార్యక్రమమూ లేని గంటలు రోజుకి నాలుగైనా లేకపోతే అది విహారయాత్ర కిందే లెక్క, ధర కూడా ఆ లెక్కనే చూడాలి.

ఎక్కువమంది నష్టపోయేది మాత్రం రాతప్రతి దగ్గర. "మీ కథపై వివరమైన చర్చ" అని ప్రకటనలో ఉంటుంది. పదిహేను మంది వస్తున్నారు, తలా 3,000 పదాల కథ అనుకోండి. మొత్తం 45,000 పదాలు. నిమిషానికి 150 పదాల చొప్పున చదివినా ఒక్కసారి పూర్తి చేయడానికే ఐదు గంటలు కావాలి. కథలు కనీసం రెండు వారాల ముందు అందరికీ చేరకపోతే ఎవరూ చదివి రారు. అప్పుడు అక్కడికక్కడే పైకి చదివిస్తారు. నిమిషానికి 100 పదాలు పలికినా మీ కథకి అరగంట. మీకు కేటాయించిన సమయమే అరగంటైతే చర్చకి మిగిలేది శూన్యం. పైగా చెవిన పడ్డ కథ మీద ఎవరైనా "బాగుంది, ముగింపు ఇంకా బలంగా ఉండాలి" అనగలరు గానీ, దృష్టికోణం ఏ పేరాలో మారిపోయిందో, ఏ సన్నివేశం తీసేసినా కథ నిలుస్తుందో చెప్పలేరు. దానికి కాగితం చేతిలో ఉండాలి, వెనక్కి తిప్పి చూసుకోవాలి. అందుకే గ్రూపులో ఎంతమంది, కథలు ఏ తేదీకి అందరికీ అందుతాయి, మెంటర్ రాతలో వ్యాఖ్యలు ఇస్తారా, విడిగా ఎన్ని నిమిషాలు కూర్చుంటారు అని అడిగి జవాబులు మెయిల్‌లోనే తెప్పించుకోండి.

పోస్టర్ మీద పేరున్న రచయిత ఫొటో ఉంటే, వారు అక్కడ ఎన్ని రాత్రులు ఉంటారో అడగండి. ఒక సాయంత్రం వచ్చి ప్రసంగించి వెళ్లేవారు మీ రాతప్రతి చూసే అవకాశం తక్కువ. "కార్యక్రమంలో మార్పులు చేసే హక్కు నిర్వాహకులదే" అన్న వాక్యం నిబంధనల్లో ఉంటే, ఆ రచయిత రాకపోయినా మీకు రీఫండ్ ఇవ్వకుండా ఉండటానికి దాన్నే చూపిస్తారు.

"మీరు ఎంపికయ్యారు" అనే ఉత్తరం చూసి తొందరపడకండి. అమెరికాలోని మెక్‌డవెల్, యాడో లాంటి రెసిడెన్సీలు, అంటే రచయితలు కొంతకాలం ఉండి రాసుకునే చోట్లు, వచ్చిన రచనలు చూసి ఎంపిక చేస్తాయి, బసకీ భోజనానికీ రుసుము తీసుకోవు. పూర్తి ఫీజు కట్టించుకునే శిబిరం రెసిడెన్సీ అని పేరు పెట్టుకుంటే, మీ ముందు ఎంతమందిని కాదన్నారో అడగండి.

సంకలనం సంగతి మరీ ముఖ్యం. శిబిరంలో రాసిన కథల్ని పుస్తకంగా వేస్తామంటూ దరఖాస్తు ఫారంలోనే సంతకం తీసుకుంటారు. "అన్ని హక్కులూ", "శాశ్వతంగా" అన్న మాటలు ఉంటే కొట్టేయించండి. ఒకసారి అచ్చయిన కథని చాలా పత్రికలు మళ్లీ తీసుకోవు, చాలా పోటీలకీ పనికిరాదు. కాబట్టి హక్కు ఇచ్చేది ఆ ఒక్క పుస్తకానికే, ఫలానా కాలానికే అని రాయించుకోండి.

ఇక కరెంటు. "ఇన్వర్టర్ ఉంది" అంటే సరిపోదు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లెడ్ బ్యాటరీలో 12 × 150, అంటే 1,800 వాట్ అవర్ల కరెంటు ఉంటుంది. అది పాడవకుండా వాడుకోగలిగేది సుమారు సగమే. 50 వాట్ల లాప్‌టాప్‌లు పది పెడితే రెండు గంటల్లోపే అయిపోతుంది, లైట్లూ ఫ్యాన్లూ కలపకుండానే. జనరేటర్ ఉందా, ఎన్ని గంటలు నడుపుతారు అని అడగండి. గదిలో రాసే బల్లా, వీపు ఆన్చుకునే కుర్చీ ఉన్నాయో లేదో ఫొటో తెప్పించుకోండి. గది పంచుకోవాలా, ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్లే వాహనం అక్కడే ఉంటుందా అన్నవి కూడా.

రీఫండ్ నియమాలు తేదీలతో సహా ఉండాలి: ఎన్ని రోజుల ముందు మానుకుంటే ఎంత తిరిగొస్తుంది, వాళ్లే రద్దు చేస్తే ఎంత, వాన వల్ల దారి మూసుకుపోతే ఎంత. రద్దు చేసినప్పుడు "వచ్చే శిబిరంలో సీటు ఇస్తాం" అన్నది రీఫండ్ కాదు. ఈ ప్రశ్నలు పంపాక "ఫోన్‌లో మాట్లాడుకుందాం, రెండే సీట్లున్నాయి, ఇవాళే కట్టేయండి" అన్న జవాబు వస్తే కట్టకండి.